రావలసిన పార్టు

మా తోడల్లుడు గుడ్లురిమి చూస్తే చాలు, చెడిపోయిన యంత్రాలు వాటంతటవే బాగైపోయేవి. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. మూలిగే ఫ్యాన్లు మూలగడం మానేసేవి, మొరాయించే రేడియోలు గొంతు సవరించుకుని వార్తలు అందుకునేవి. ఒకసారి వీధి మలుపులో ఆగిపోయిన లారీ కూడా అతని చూపుకి జడిసి కదిలింది. సరే, లారీని వదిలేయండి. రేడియోలని కూడా వదిలేయండి. మిక్సీ మాత్రం నిజం. అతను గుడ్లురిమాడు, అది గిర్రున తిరిగింది. మధ్యలో మా ఆవిడ వెళ్ళి ప్లగ్గు నొక్కి వచ్చిన మాట కూడా నిజమే. నేను చదువుకున్న కాన్వెంటులో అబద్ధానికి మోకాళ్ళమీద నిలబెట్టేవారు. అందుకని ఏం చెప్పినా సగం వెనక్కి తీసుకునే అలవాటు మిగిలిపోయింది. మిగతా సగం మీరు నమ్మాలి.

అతన్ని ఇంటిల్లిపాదీ టెస్టరు అంటాం. అందరి చొక్కా జేబులో పెన్ను ఉండేచోట అతనికి కరెంటు చూసే టెస్టరు ఉంటుంది. పెళ్ళి ఫోటోలో కూడా కోటు జేబులోంచి దాని ఎర్ర పిడి తొంగి చూస్తూ ఉంటుంది. బస్టాండుకి ఎదురుగా ఇల్లు, ఇంటి ముందు గదే షాపు. గోడ పొడవునా అరలు, అరల్లో మూతలు ఊడిన టేప్ రికార్డర్లు, కడుపులు తెరిచిన టీవీలు. బల్లమీద వంగే మెడ ఉన్న దీపం, దాని కింద అతని బట్టతల. సోల్డరింగు పొగ వాసన ఆ గదిలో ఎంత పట్టిందంటే, లోపలి గదిలో ఆరేసిన బట్టలకి కూడా అదే వాసన.

అతని భార్య, అంటే మా మరదలు, బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో చెప్పే గొంతు ఆమెదే. "ప్రయాణికులకు మనవి" అని ఆమె మొదలుపెడితే, పరుగెడుతున్నవాడు కూడా ఆగి వినేవాడు. టెస్టరు బల్ల దగ్గర కూర్చుని రోజంతా ఆ గొంతు వింటూ స్క్రూలు తిప్పుకునేవాడు. ఊరంతా వినే గొంతే అయినా అతనికి ఎప్పుడూ కుళ్ళు పుట్టలేదు. బస్సు నెంబర్లు ఎవరైనా వినొచ్చు. పాట దగ్గరికి వచ్చేసరికే తేడా వచ్చింది.

మా కాలనీ సంఘం హాల్లో ఒక వీడియో డిస్క్ ప్లేయరు ఉండేది. ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. సూట్‌కేసంత బరువు. ముందు ట్రే బయటకి వస్తే, అన్నం పళ్ళెమంత వెడల్పున్న వెండిరంగు డిస్కు అందులో పెట్టాలి. డిస్కు లోపలికి వెళ్ళి గిరగిరా తిరుగుతుంటే, కిందనుంచి ఒక లెన్సు దాన్ని చదువుతుంది. ఆ డిస్కుల్లో పాటకి సంగీతం మాత్రమే ఉంటుంది, గొంతు ఉండదు. పాట మాటలు టీవీ తెరమీద వస్తుంటే మైకు పట్టుకుని మనమే పాడుకోవాలి. మగవాళ్ళ వరసలు నీలం అక్షరాల్లో, ఆడవాళ్ళవి ఎర్ర అక్షరాల్లో. ఆదివారం సాయంత్రాలు కాలనీవాళ్ళంతా మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవారు.

ఎర్ర అక్షరాలు మా మరదలు పాడేది. నీలం అక్షరాలు కళ్ళజోళ్ళాయన పాడేవాడు.

కళ్ళజోళ్ళాయనకి బజారులో కళ్ళద్దాల షాపు ఉంది. మడత నలగని చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, నిదానమైన మాట. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ కళ్ళలోకి చూస్తాడు. అది అతని వృత్తి. మా టెస్టరుకి ఆ వృత్తి నచ్చలేదు.

ఒక ఆదివారం పాట సగంలో ఉండగా ఆ ప్లేయరు కిర్రుమని ఆగిపోయింది. మర్నాడు సంఘం సెక్రటరీ, కళ్ళజోళ్ళాయన చెరోవైపు పట్టుకుని దాన్ని షాపుకి మోసుకొచ్చారు. నేను స్టూలు మీద కూర్చుని టెస్టరు తెప్పించే పేపరు చదువుతున్నాను.

"ట్రే బయటకి రావడం లేదండీ, డిస్కు లోపలే ఇరుక్కుంది," అన్నాడు సెక్రటరీ.

"మా డ్యూయెట్ డిస్కే," అని కళ్ళజోళ్ళాయన నవ్వాడు. "మేడమూ నేనూ సగంలో ఉన్నాం."

"సగంలో ఆగడం మంచిదే," అన్నాడు టెస్టరు, మిషను వైపు చూస్తూ.

"లెన్సుకి మురికి పట్టి ఉంటుందండీ. లెన్సుల పని మాది. కావాలంటే నేనే తుడిచి పెడతాను. మా దగ్గర మెత్తటి గుడ్డలు ఉంటాయి."

"గుడ్డలు మా దగ్గరా ఉన్నాయి."

వాళ్ళు వెళ్ళాక టెస్టరు మిషనుని తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసి, "చూశారా అన్నయ్యా, నా పెళ్ళాం పక్కన చోటు చాలలేదట. నా బల్ల దగ్గర కూడా కావాలట," అన్నాడు.

కడుపుమంట ఉన్నవాడి చేతులు వణుకుతాయని ఎవరో చెబితే విన్నాను. అతని విషయంలో అది తప్పు. మూత తీశాడు. ట్రేని లాగే రబ్బరు బెల్టు కరిగి నల్లటి జిగురైపోయింది. దాన్ని చిన్న పుల్లతో గీకి, స్పిరిట్‌తో కడిగి, పాత టేప్ రికార్డరు బెల్టు ఒకటి వెతికి తొడిగాడు. ట్రే మెల్లగా డిస్కుని బయటకి తెచ్చి ఇచ్చింది. దీపం కిందపెట్టి చూస్తే దాని అంచున రెండు వేలిముద్రలు. ఒకటి సన్నటిది. రెండోది పెద్ద బొటనవేలు. పెద్దదాన్ని గట్టిగా, అద్దంలా మెరిసేదాకా తుడిచాడు. సన్నదాన్ని వదిలేశాడు.

"రెండూ తుడవాలి కదయ్యా," అన్నాను.

"అది అడ్డం కాదు," అన్నాడు.

లెన్సు జరిగే ఇనప కడ్డీమీద గ్రీజు కొవ్వొత్తి మైనంలా గట్టిపడిపోయింది. లెన్సు ముందుకి జరగలేక మధ్యలో ఇరుక్కుంటోంది. పాట సగంలో ఆగింది అందుకే. పాతదంతా తీసేసి కొత్త గ్రీజు పూశాడు. దూదితో లెన్సు మీద ఊదినంత మెత్తగా తుడిచాడు. చిన్న చిన్న స్క్రూలని వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు తిప్పాడు. తర్వాత డిస్కు పెట్టి, టీవీకి కలిపి, శబ్దం తగ్గించి చూశాడు. ఒక సరస్సు, సరస్సులో పడవ, పడవలో ఒక జంట. కింద మాటలు నడుస్తున్నాయి. బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది.

ఆ పాట మాటలు అతను చదవడం అదే మొదటిసారి. ఆదివారాలు అతను హాల్లో వెనకాల నిలబడేవాడు, అక్కడికి తెరమీది అక్షరాలు ఆనేవి కావు. ఇప్పుడు బల్ల దగ్గర వంగి నీలం అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. అతని మొహం మాడిపోయింది.

"ఈ మగవాడి వరసల్లో 'నువ్వు' అనే మాట చాలాసార్లు వచ్చింది," అన్నాడు.

"పాటలో రాకపోతే ఎక్కడొస్తుందయ్యా. ఆడుతోంది కదా, ఇచ్చెయ్యి."

"ఇది ఆడటం కాదన్నయ్యా. ఆడుతున్నట్టు కనిపించడం."

కానీ చేయి అలవాటు వేరు. పని పూర్తయిందంటే ఆ స్క్రూల మీద గోళ్ళరంగు చుక్క పెట్టడం మెకానిక్కుల పద్ధతి. అదురుకి స్క్రూ కదలదు. ఇంకెవరైనా వేలు పెడితే చుక్క పగిలి తెలిసిపోతుంది. టెస్టరు ఎప్పుడూ లోపలికి వెళ్ళి భార్య గోళ్ళరంగు సీసా తెచ్చుకునేవాడు. ఆరోజూ తెచ్చాడు, స్క్రూ స్క్రూకీ ఎర్ర చుక్క పెట్టాడు, సీసా తీసుకెళ్ళి అద్దం దగ్గర పెట్టేశాడు. సాయంత్రం సెక్రటరీ వచ్చి అడిగితే, తల ఎత్తకుండా చెప్పాడు.

"పార్టు రావాలండీ."

అక్కడినుంచి అతని అవస్థ మొదలైంది. మిషను తిరిగి ఇస్తే ఆదివారం మా మరదలు మళ్ళీ కళ్ళజోళ్ళాయన పక్కన నిలబడి పాడుతుంది. ఇవ్వకపోతే టెస్టరుకి చేతకాలేదని కాలనీ అంతా అనుకుంటుంది, అది ఇంకొకడి బల్ల ఎక్కుతుంది. పెళ్ళాం పాట ఒకవైపు, చేతికున్న పేరు ఒకవైపు. రెండింటి మధ్యా పార్టు రావాలి, పార్టు రావాలి అంటూ వారాలు లాగాడు.

ఎవరైనా గుమ్మం ఎక్కితే చాలు, పని జరుగుతున్నట్టు కనిపించాలని గబగబా ఆ మిషను మూత ఊడదీసేవాడు, డిస్కుని పైనుంచి అదిమిపట్టే పట్టీని, అతని భాషలో పైచేతిని, ఎత్తి దించి, ఎత్తి దించి చూపించేవాడు. వాళ్ళు వెళ్ళగానే మూత పెట్టేసేవాడు. పోస్టాయన వచ్చినా అంతే, పక్కింటావిడ అగ్గిపెట్టె అడగడానికి వచ్చినా అంతే.

ఇంట్లో పాట ఆగింది అనుకున్నాడు పాపం. ఆగలేదు. మా మరదలు గిన్నెలు కడుగుతూ ఆ డ్యూయెట్ కూనిరాగం తీసేది. ఎర్ర అక్షరాలు మాత్రమే. నీలం అక్షరాలు రావలసిన చోట నోరు మూసుకుని, గరిటెతో గిన్నెమీద తాళం వేస్తూ ఆగేది. తర్వాత మళ్ళీ అందుకునేది. ముందు గదిలో ఇతను ఆ ఖాళీలు వినేవాడు. ప్రతి ఖాళీలోనూ కళ్ళజోళ్ళాయన నిలబడి పాడుతున్నట్టే ఉండేది.

"నిజంగా పాడినప్పుడు ఇంత బాగా వినిపించేవాడు కాదు అన్నయ్యా," అన్నాడు ఒకరోజు, పళ్ళు నూరుతూ.

చివరికి సెక్రటరీ మొహమాటపడుతూ ఒక మాట చెప్పిపోయాడు. కళ్ళజోళ్ళాయనకి ఎవరో తెలిసిన మెకానిక్కు ఉన్నాడట, మిషను అక్కడికి తీసుకెళ్తానంటున్నాడట, వచ్చే సోమవారం బండి తెస్తాడట. ముందురోజు ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడా నేనూ టెస్టరు ఇంట్లో భోజనానికి ఉన్నాం. టెస్టరు కంచంలో వేళ్ళతో గీతలు గీస్తున్నాడు.

మా మరదలు నాకు వడ్డిస్తూ, "బావగారూ, మీ తోడల్లుడి మిషనుకి పార్టు ఏ దేశం నుంచి రావాలో మీకేమైనా తెలుసా?" అంది.

"ఓడలో వస్తోందేమో," అన్నాను.

"ఓడ మునిగిందేమో," అంది మా ఆవిడ.

"తినేటప్పుడు మిషన్ల గొడవ ఎందుకు," అన్నాడు టెస్టరు.

"సరే, గోళ్ళరంగు గొడవ మాట్లాడుకుందాం," అంది మా మరదలు, శాంతంగా. "ఏమండీ, పని కాకుండా మీరు ఎప్పుడైనా నా సీసా ముట్టుకున్నారా?"

అతను పెరుగు గిన్నె కోసం చెయ్యి చాచాడు.

"పార్టు రావాలని సెక్రటరీగారికి మీరు మొదటిసారి చెప్పిన సాయంత్రమే నా సీసా మూత వంకరగా పెట్టి ఉంది. ఇవాళ పొద్దున మీరు కూరలకి వెళ్ళినప్పుడు మిషను మూత తీసి చూశాను. చుక్కలన్నీ ఉన్నాయి. ఎండి పెళుసైపోయాయి. మీరు చుక్క పెట్టారంటే దానికి ఇక పనేమీ లేదని అర్థం. నాకు తెలియదా?"

"అవి పాత చుక్కలు," అన్నాడు టెస్టరు.

"నా రంగులో?"

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మంచినీళ్ళ గ్లాసు పైకెత్తి దాని వెనక దాక్కున్నాను.

"పాడొద్దని ఒక్క మాట చెప్పొచ్చు కదా," అంది మా మరదలు.

"నేనెందుకు చెప్తాను. పాడుకో. ఎవరొద్దన్నారు."

"మరి మిషను?"

"పార్టు రావాలి," అన్నాడు. కంచంలో ఇంకో గీత గీశాడు.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, "పాడొద్దంటే మానేసేదాన్నో లేదో నాకే తెలియదు. అది వేరే సంగతి. సాయంత్రం మాత్రం మిషను హాలుకి వెళ్ళాలి. రేపు అది ఇంకొకడి బల్ల మీద ఉంటే, వాడు మూత తీసి మీ చుక్కలు చూస్తాడు," అంది. ఆ చివరి మాటకి టెస్టరు లేచి చొక్కా వేసుకున్నాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. కళ్ళజోళ్ళాయన ఎదురొచ్చి, "వచ్చిందా అండీ పార్టు?" అన్నాడు.

"వచ్చింది," అన్నాడు టెస్టరు.

అందరూ సర్దుకుని కూర్చున్నారు. సంగీతం మొదలైంది. సరస్సు వచ్చింది, పడవ వచ్చింది. కళ్ళజోళ్ళాయన గొంతు సవరించుకుని మొదటి వరస ఎత్తుకున్నాడో లేదో, మిషను లోపల ఏదో రాసుకున్నట్టు శబ్దం వచ్చింది. బొమ్మ వణికింది, గీతలు పడ్డాయి, తెర నీలంగా మారి ఊరుకుంది.

కళ్ళజోళ్ళాయన జాలిపడ్డాడు. అదే తట్టుకోలేనిది. "పాపం, ముసలి మిషను. ఆయన మాత్రం ఏం చేస్తారు. రేపు మావాడి దగ్గరికి తీసుకెళ్దాం," అన్నాడు.

టెస్టరు చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అందరి ముందూ మూత ఊడదీశాడు. చూడగానే తెలిసిపోయింది. డిస్కుని అదిమిపట్టే పైచేతిని కిందకి పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం విరిగిపోయింది. పాత ప్లాస్టిక్కు, పోస్టాయన వచ్చినప్పుడల్లా ఎత్తి దించితే ఏమవుతుంది. చెయ్యి పూర్తిగా దిగక, డిస్కు బిగుసుకోక, తిరుగుతూ ఊగుతోంది. అన్నీ బాగుచేసినవాడు బాగున్నదాన్ని విరగ్గొట్టుకున్నాడు.

అతను చూపుడువేలితో ఆ చేతిని కిందకి నొక్కి, రెండోచేత్తో మీట నొక్కాడు. పడవ కదిలింది.

"ఎంతసేపు పట్టుకుంటారు?" అన్నాడు సెక్రటరీ.

"పాట అయ్యేదాకా."

ఆ స్థితి ఊహించుకోండి. అతను వేలు తీస్తే పాట ఆగుతుంది, అతని పేరు పోతుంది. వేలు నొక్కి ఉంచితే, అతని కళ్ళెదురుగానే, అతని వేలి బలంతోనే, ఇంకొకడు అతని భార్యతో 'నువ్వు, నువ్వు' అని పాడతాడు.

నేను మొదటి వరస కుర్చీలో ఉన్నాను. ఆ వేలు తప్ప ఇంకేమీ చూడలేదు. ఎర్ర అక్షరాలు వచ్చినంతసేపూ అది ఇనప మేకులా నొక్కుకుని ఉంది, బొమ్మ నీళ్ళలా నిలకడగా ఉంది. నీలం అక్షరాలు రాగానే ఆ వేలు కాస్త, ఉల్లిపొరంత, పైకి లేచింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గంతులు వేశాయి. కళ్ళజోళ్ళాయన తడబడి, తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి, నిలకడ. నీలం, మళ్ళీ గంతులు. ఆయన మళ్ళీ తుడుచుకున్నాడు. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు మా మరదలు పాడటం ఆపింది. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, బస్టాండు గొంతుతో, ఏ తొట్రుపాటూ లేకుండా చెప్పింది.

"మిషను దగ్గర ఉన్నవారికి మనవి. దయచేసి వేలు తీయకండి. ఇంకో చరణం మిగిలి ఉంది."

హాలు గొల్లుమంది. టెస్టరు నవ్వలేదు. రెండో చెయ్యి కూడా తెచ్చి ఆ వేలి మీద వేసి నొక్కాడు. ఆ చరణం మొదలునుంచి చివరిదాకా ఒక్క అక్షరం అదరలేదు. కళ్ళజోళ్ళాయన తన వంతు అంతా పాడాడు, ఒక్క 'నువ్వు' కూడా వదలకుండా. టెస్టరు నిలబడిన చోటినుంచి తెర కనిపించదు, పాడేవాళ్ళిద్దరే కనిపిస్తారు. మా మరదలికి ఆ మాటలు నోటికి వచ్చు, అయినా తెరవైపే చూస్తూ పాడింది. అతను ఆమె చూపు ఎటు మళ్ళుతుందా అని రెప్ప వేయకుండా చూశాడు. పాట అయిపోయేదాకా ఎటూ మళ్ళలేదు.

ఇంటికి వెళ్తూ మేం నలుగురం నడుస్తున్నాం. టెస్టరు వేలు ఊదుకుంటున్నాడు.

"బాగా పాడాడా?" అన్నాడు, ఎటో చూస్తూ.

"బాగానే పాడాడు," అంది మా మరదలు. అంతకంటే ఒక్క ముక్క తగ్గించలేదు, పెంచలేదు. కాస్త దూరం నడిచాక, "వేలు వాచిందా? చూపించండి," అంది.

తర్వాతి ఆదివారం సెక్రటరీ కొక్కెం సంగతి అడిగాడు. టెస్టరు, "పార్టు రావాలండీ," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు కానీ ఎవరూ నమ్మలేదు కూడా. ఆ కొక్కెం అతను ఒక పూటలో చేసుకోగలడు. విరిగిన దువ్వెన ముక్క, దాన్ని అరగదీయడానికి ఒక చిన్న ఆకురాయి చాలు. చేయలేదు. ఆ మిషను బతికినంతకాలం ప్రతి ఆదివారం దాని పక్కన, పాడేవాళ్ళిద్దరికీ జానెడు దూరంలో, వేలు నొక్కి నిలబడేవాడు. మా మరదలు కూడా పార్టు ఎప్పుడొస్తుందని ఇంకెప్పుడూ అడగలేదు. హాలుకి బయలుదేరేముందు అతని వేలికి మాత్రం గుడ్డ పీలిక చుట్టేది.

రాయడం అయ్యాక ఇదంతా టెస్టరుకి చదివి వినిపించాను. బల్ల దగ్గర కూర్చుని చివరిదాకా విన్నాడు.

"ఒక్క ముక్క కూడా నిజం కాదన్నయ్యా," అన్నాడు. "ఆ హాల్లో అలాంటి మిషనే లేదు. ఉన్నా నేను ముట్టుకోలేదు. మా ఆవిడ పాడదు. నాకు కుళ్ళా? ఎవరి మీద? శ్రుతి అంటే ఏమిటో తెలియని ఆ మనిషి మీదా? ఆ వేలు కూడా నాది కాదు. మీరు ఏదో కల కని ఉంటారు. ఇదేదీ జరగలేదు."